నల్ల అంచు పుస్తకం

క్వార్టర్స్, చివరి వరస
జూన్ మొదట్లో

వదినకి,

ఇక్కడ అంతా క్షేమం అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. మీకు నాతో అలాంటి మర్యాదలు అక్కర్లేదు కదా. బతికే ఉన్నాం. బుజ్జి బడికి వెళ్తోంది. మీరు బస్సెక్కినప్పటి నుంచీ ఇల్లు బావురుమంటోంది.

మీ తమ్ముడి బూట్లు ఇంకా గుమ్మం బయటే ఉన్నాయి. లోపల పెట్టుకోడానికి మనసు రాదు, తీసి పారెయ్యడానికీ రాదు. రంగుల ఫ్యాక్టరీ బూట్లు కదా, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. "ఎవరికైనా ఇచ్చెయ్యరాదూ" అంది పక్కింటావిడ. "ఈ కొలత కాళ్లున్న మనిషిని తెచ్చివ్వండి, ఇస్తాను" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలీదు. పాపం, ఆవిడ మొహం చిన్నబోయింది.

ఇప్పుడీ ఉత్తరం రాయడానికి కారణం వేరే. నిన్న సూపర్‌వైజర్ వచ్చాడు. అదే, అబద్ధమాడే ముందు దగ్గుతాడని మీ తమ్ముడు దగ్గుబాబు అని పేరు పెట్టాడే, ఆయన. వస్తూనే దగ్గాడు. ఈసారి నిజంగానే జలుబేమో అనుకున్నాను. చేతిలో చిన్న పుస్తకం. "ఇది మీ ఆయన లాకర్‌లో దొరికిందమ్మా. పోయినేడే అందరికీ పంచాం. ట్యాంకులోకి దిగాలంటే గాలి గొట్టమున్న మాస్కు పెట్టుకోవాలి, నడుముకి తాడు కట్టుకోవాలి, పైన ఒక మనిషి కాపలా ఉండాలి అని ఇందులో బొమ్మలేసి మరీ చెప్పాం. చదివుంటే ఈపాటికి నీ పక్కన కూర్చునుండేవాడు" అన్నాడు.

ఆయన వెళ్లాక మొదటి నుంచి చివరిదాకా చదివాను వదినా. ప్రతి పేజీ మీ తమ్ముడి గురించే రాసినట్టుంది. "తోటి మనిషి లోపల పడిపోతే వెంటనే దిగకూడదు" అని కూడా ఉంది. తనతో పనిచేసే జతగాడు ట్యాంకులో గాలాడక పడిపోవడం చూసి ఈయన దిగి ప్రాణం పోగొట్టుకున్నాడని ఊరంతా గొప్పగా చెప్పుకున్నారు. ఆ జతగాడు ఇప్పటికీ ఆస్పత్రిలో కళ్లు తెరుచుకుని పడున్నాడు, పెళ్లాన్ని కూడా గుర్తుపట్టడు. ఎవరికోసం దిగినట్టు? ఏం సాధించినట్టు? పుస్తకం చేతిలో పెట్టినా చదవని మొండిమనిషిని నా మెడకి కట్టారు. చిన్నప్పుడూ ఇంతేనా? ఎవరు చెప్పినా వినేవాడు కాదా?

బుజ్జి ఆ అట్ట మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "నాన్న చెప్పిన మాట వినలేదా అమ్మా?" అంది. నేను స్టవ్ తుడుస్తూ కూర్చున్నాను.

ఆ పుస్తకం ఇంట్లో ఉంటే నాకు ఊపిరాడటం లేదు. ఈ కవర్లోనే పెట్టి పంపిస్తున్నాను. చదువుతారో, చింపుతారో మీ ఇష్టం.

మీ మరదలు


ప్రెస్సు వెనక గది
జూన్

అమ్మాయికి,

ఉత్తరం అందింది, పుస్తకమూ అందింది. చింపను. నువ్వు కూడా ఏదీ చింపకు.

కొన్ని సంగతులు నాకు వివరంగా రాయి. ఆ పుస్తకం ఎప్పుడు ఇచ్చామన్నాడు? సరిగ్గా ఏ మాట అన్నాడు? జతగాడి ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఇచ్చారా? నువ్వు ఎక్కడైనా సంతకం చేశావా? చెయ్యకపోతే చెయ్యకు.

ఇక్కడ పని బాగానే ఉంది. మీ దగ్గర్నుంచి తిరిగొచ్చిన రోజున వరండాలో పెద్ద చెక్కపెట్టె ఉంది, మేకులు పీకుతున్నారు. లోపల కొత్త బైండింగ్ మెషిన్. ఇన్నాళ్లూ మేం పిన్నులు కొట్టేవాళ్లం కదా, దీనికి పిన్నూ వద్దు, దారమూ వద్దు, జిగురూ వద్దు. కాగితం మీద అక్షరాలు పడే నల్ల పొడి, టోనర్ అంటారు, దాన్నే ప్రతి కాగితం అంచున మందంగా ఒక గీతలా అచ్చువేస్తుంది. కాగితాలన్నీ సర్ది ఇనప దవడల మధ్య పెడితే, వేడికి ఆ పొడి మళ్లీ కరిగి, ఒత్తిడికి ఒకదాన్నొకటి పట్టుకుని పుస్తకమైపోతుంది. వేడి చాలకపోతే పేజీలు ఊడిపోతాయి, ఎక్కువైతే అంచు మాడి కమురు వాసన వస్తుంది. అందరూ దాని చుట్టూ ఒద్దికగా తిరుగుతున్నారని కొత్తకోడలు అని పేరు పెట్టాం. దాని దగ్గర నన్నే కూర్చోబెట్టారు.

తమ్ముడు మొండివాడు కాదు. చిన్నప్పుడు బావి దగ్గరకి వెళ్లొద్దంటే, వెళ్లొద్దని ఎందుకన్నావో చెప్పు అనేవాడు. చెబితే వెళ్లేవాడు కాదు.

నేనడిగినవాటికి వెంటనే జవాబు రాయి.

వదిన


క్వార్టర్స్
జూన్ చివర

వదినకి,

నా ఏడుపు నేను ఏడుస్తుంటే మీరు పోలీసుల్లా ప్రశ్నలు పంపించారు. అయినా పెద్దవారు అడిగారు కాబట్టి రాస్తున్నాను. పోయినేడు ఇచ్చామన్నాడు. అట్ట మీద కూడా పోయినేడని అచ్చు ఉంది కదా, మీరే చూడొచ్చు. జతగాడి భార్యకీ ఒకటి ఇచ్చాడు. ఆవిడ దాన్ని చూడకుండానే బీరువా కింద పడేసిందట.

ఇక్కడ ఇంకో సంగతి. నాకు ప్యాకింగ్ షెడ్డులో పని ఇచ్చారు. డబ్బాలకి మూతలు బిగించి కాగితం అంటించడం. గది కూడా మాకే ఉంచుతామన్నారు. "విచారణ సాఫీగా అయిపోతే మీకే ఇబ్బందీ ఉండదమ్మా" అన్నాడు దగ్గుబాబు. ఇది చెప్పేటప్పుడు మాత్రం దగ్గలేదు.

లేబర్ ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు. అడిగింది చెప్పాను, వెళ్లిపోయాడు.

బుజ్జి మీమీద బెంగ పెట్టుకుంది. అత్త జడ వేస్తే బిగుతుగా ఉంటుంది, నువ్వేస్తే బడికెళ్లేలోపే ఊడిపోతుంది అంటోంది.

మీ కొత్తకోడలి సంగతులు బాగున్నాయి గానీ, ఈ టైములో నాకవెందుకు రాశారో అర్థం కాలేదు.

మీ మరదలు


ప్రెస్సు వెనక గది
జూలై

అమ్మాయికి,

ఎందుకు రాశానో చెబుతాను. కూర్చుని చదువు. బుజ్జిని పక్కన పెట్టుకోకు.

నువ్వు పంపిన పుస్తకం వీపున నల్ల గీత ఉంది. పిన్నుల్లేవు. అది ఆ మెషిన్ మీద అంటిన పుస్తకం. అలాంటి మెషిన్లు ఇంకా ఉంటాయి, కాదనను. కానీ మా దాన్ని పెట్టెలోంచి తీసినప్పుడు మేకులు పీకే ఇనప కడ్డీ జారి కింది దవడ మీద పడింది. పెదవి చిట్లినట్టు చిన్న నొక్కు పడింది. అప్పటి నుంచీ మేం చేసే ప్రతి పుస్తకానికీ వీపు అడుగున బియ్యపుగింజంత చోట కాగితాలు అంటవు. గోరు పెడితే దూరుతుంది. ఓనరుకి చూపించాను. "ఎవడు చూడొచ్చాడు, కానియ్" అన్నాడు.

నువ్వు పంపిన పుస్తకం తిరగేసి అక్కడ గోరు పెట్టాను. దూరింది.

ఆ పుస్తకం చేసింది నేనే.

ఆ పని మెషిన్ వచ్చిన కొద్దిరోజులకే వచ్చింది, బాగా గుర్తుంది. మీ ఫ్యాక్టరీ హెడ్డాఫీసు మా వెనక వీధిలోనే కదా. ఓనరు కొడుకు అచ్చు వేసి, కాగితాల దొంతర బోర్లించి నాకు అందిస్తాడు. అట్ట కింద ఉంటుంది, నేను చూసేది తెల్లటి వెనకవైపూ, నల్ల అంచూ మాత్రమే. ఎవరో గుమస్తా స్టూలు మీద కూర్చుని, అయ్యేదాకా కదల్లేదు. పాడైన వాటిని కూడా లెక్కగా సంచిలో వేసుకుపోయాడు. అంత జాగ్రత్తగా ఉన్నాడు, ఇదేదో పరీక్ష పేపరనుకున్నాను. తమ్ముణ్ణి సాగనంపి వచ్చిన చేతులతో, వాడి చావుకి వాడే కారణమని చెప్పే పుస్తకాన్ని వేడి మీద పెట్టి ఒత్తాను.

అర్థమైందా? వాడు పోయాక పుట్టింది ఈ పుస్తకం. వాడి లాకర్‌లో ఎలా ఉంటుంది? వాడికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఏమీ చెప్పలేదు.

వచ్చే నెల ఇక్కడ హెడ్డాఫీసులోనే విచారణ పెట్టారట. నేను వెళ్లి ఇదంతా చెబుతాను. నువ్వు కూడా రా. ఇద్దరం కలిసి చెబుదాం.

వదిన


క్వార్టర్స్
జూలై

వదినకి,

మీ ఉత్తరం చదివి బాత్రూములో నీళ్లు వదిలి ఏడ్చాను, బుజ్జికి వినపడకూడదని. ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టిన తిట్లన్నీ నామీదే పడ్డాయి.

కానీ వదినా, మీరు వెళ్లొద్దు.

కోప్పడకండి, పూర్తిగా వినండి. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని ముందురోజే దగ్గుబాబు వచ్చాడు. "పుస్తకం మీ ఆయన ఇంటికి తెచ్చాడా అని అడుగుతాడు. తెచ్చాడు, అలమరలో చూశాను అని చెప్పు. ఆ ఒక్క ముక్క చాలు" అన్నాడు. బుజ్జి అక్కడే బొమ్మలు వేసుకుంటోంది. ఆయన దాని తల నిమిరాడు. ఏమని బెదిరించలేదు. తల నిమిరాడంతే. నేను అప్పటికి పుస్తకం నిజమనే అనుకుంటున్నాను. ఎలాగూ నిజమే కదా, లాకర్‌లో ఉంటే ఏం, అలమరలో ఉంటే ఏం అనుకుని చెప్పేశాను. ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. కింద సంతకం పెట్టాను.

మీరు సంతకం చెయ్యొద్దని రాసేసరికే అది అయిపోయింది. మీకు రాయలేకపోయాను.

ఇంకొకటి కూడా దాచాను. మాస్కుల సంగతి మీ తమ్ముడు ఇంట్లో ఎప్పుడూ అనేవాడు. షెడ్డు మొత్తానికి ఒక్కటే ఉంది, దానికీ గొట్టం చిరిగింది, ఎన్నిసార్లు అడిగినా రేపు రేపు అంటున్నారు అని. ఇదీ నేను చెప్పలేదు. అడగలేదు, చెప్పలేదు.

ఇప్పుడు మీరు వెళ్లి నిజం చెబితే నేను అబద్ధమాడినట్టవుతుంది. పని పోతుంది. గది పోతుంది. పుట్టింట్లో నాకెవరున్నారో మీకు తెలుసు. పోయినాయన ఎలాగూ తిరిగిరాడు. ఉన్నదాన్ని చూడండి. మీకు దణ్ణం పెడతాను.

మీ మరదలు


ప్రెస్సు వెనక గది

పిల్లా,

వాణ్ణి ఆ ట్యాంకు ఒకసారి చంపింది. నీ సంతకంతో ఇంకోసారి చచ్చాడు.

రేపు బుజ్జి పెద్దదై అడుగుతుంది. అప్పుడూ స్టవ్ తుడుస్తూ కూర్చో.

నేను వెళ్తున్నాను.


క్వార్టర్స్

వదినకి,

బుజ్జికి జ్వరం. మీ ఉత్తరం చదివాను.


మేడ మీద గది, ప్రెస్సు ఎదురు వీధి
ఆగస్టు

అమ్మాయికి,

బుజ్జికి జ్వరం తగ్గిందా? ముందు అది రాయి.

అడ్రసు మారింది చూశావు కదా. ప్రెస్సు వెనక గది ఇక లేదు. ఆ ముక్క తర్వాత చెబుతాను.

విచారణకి వెళ్లాను. పొడుగాటి బల్ల, ఒకవైపు ఇన్‌స్పెక్టర్, ఒకవైపు కంపెనీ లాయరు, దగ్గుబాబు. నన్ను చూసి మా ఓనరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆయన్ని కూడా పిలిచారు. నేను మన పుస్తకమూ, అదే మెషిన్ మీద ఈ మధ్య చేసిన వేరే పుస్తకాలూ బల్లమీద పెట్టాను. ఇన్‌స్పెక్టర్ టేబుల్ మీది గుండుసూది తీసుకుని ఒక్కోదాని అడుగున గుచ్చి చూశాడు. అన్నిట్లోనూ ఒక్కచోటే దిగింది. ఆయన కనుబొమలు పైకి లేచాయి. నా గుండె కూడా లేచింది, అబద్ధమెందుకు.

లాయరు మా ఓనర్ని అడిగాడు, మెషిన్ ఎప్పుడు కొన్నావని. "పోయినేడే సార్. ఈవిడ తమ్ముడు పోయిన బాధలో తేదీలు తికమకపడుతోంది" అన్నాడు. ఇన్నేళ్లు నా చేతి కింద పని నేర్చుకున్న ఆయన కొడుకు, తనూ వెంట వచ్చాడు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అప్పుడు లాయరు నీ కాగితం తీసి చదివాడు. "అలమరలో చూశాను" అన్న దగ్గర ఆగి, ఇంకోసారి చదివాడు. ఇన్‌స్పెక్టర్ నావైపు తిరిగాడు.

"అమ్మా, మీరు చెప్పేది నిజమైతే మీ మరదలు అబద్ధం చెప్పినట్టు. చెప్పిందా?"

చెప్పింది అనడానికే వెళ్లాను. నాలుక చివరిదాకా వచ్చింది. దగ్గుబాబు నా నోటివంకే చూస్తున్నాడు. నేను అవునంటే వాళ్లకి నీమీద ఆధారం దొరుకుతుందని ఆ చూపులోనే తెలిసింది. దొంగసాక్ష్యమని కేసు పెట్టినా పెడతారు. బుజ్జిని ఎక్కడ పెట్టను?

"అబద్ధం కాదండీ. ఇంట్లో ఇంకేదో పుస్తకం చూసుంటుంది. మొగుడు పోయిన మనిషి, ఏది ఏదో ఏం గుర్తుంటుంది" అన్నాను.

"అంటే పుస్తకం ఉండి ఉండొచ్చు కదా?" అన్నాడు లాయరు వెంటనే.

ఇన్‌స్పెక్టర్ పెన్నుకి మూత పెట్టేశాడు.

నీమీద కోపం పోయి అలా అన్నాననుకోకు. పోలేదు. బుజ్జి జ్వరం కళ్లముందు మెదిలింది, అంతే. తమ్ముడి మాట నిలబెట్టడానికి వెళ్లి, నేనే పడగొట్టి వచ్చాను.

మెట్లు దిగుతుంటే ఓనరు చెప్పాడు, రేపటి నుంచి రావద్దని. ఇప్పుడు వేరేచోట అట్టలు మడిచే పని చేస్తున్నాను. చేతులకి వేడి తగలడం లేదు, అదే బాగుంది.

బుజ్జి జ్వరం సంగతి రాయి.

వదిన


బస్టాండు
సెప్టెంబరు

వదినకి,

బుజ్జి జ్వరం తగ్గింది. ముందు అదే రాస్తున్నాను.

మీ ఉత్తరం చదివాక ప్యాకింగ్ షెడ్డులో మూతలు సరిగ్గా బిగించలేకపోయాను. డబ్బాలు కారి చేతులన్నీ పచ్చరంగు. నన్ను కాపాడి మీరు పని పోగొట్టుకున్నారు, మీ తమ్ముణ్ణీ మళ్లీ పోగొట్టుకున్నారు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. అలా చెయ్యడమే తట్టుకోలేకపోయాను.

నిన్న ఇన్‌స్పెక్టర్ ఇక్కడికి వచ్చాడు, ట్యాంకు షెడ్డుకి వేసిన సీలు తియ్యడానికి. అందరినీ బయట నిలబెట్టారు. కొత్తగా చేరిన వాళ్లకి ఆ నల్ల అంచు పుస్తకాలు పంచుతున్నారు. మాస్కులు మాత్రం ఎవరి చేతిలోనూ కనబడలేదు. నేను వరసలోంచి బయటికి వచ్చాను. ఎలా వచ్చానో నాకే తెలీదు, కాళ్లు వాటంతటవే నడిచాయి.

"సార్, నేను చెప్పింది అబద్ధం. మా ఆయన ఏ పుస్తకమూ ఇంటికి తేలేదు. ఆయన పోయాక ఈయనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. షెడ్డుకంతా ఒక్కటే మాస్కుంది, అది చిరిగిందని మా ఆయన ఇంట్లో రోజూ చెప్పేవాడు" అన్నాను.

దగ్గుబాబు, "బాధలో ఉంది సార్" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ చేతిలోని ఫైలు కారులో పెట్టాడు. తర్వాత, "రిపోర్టు పైకి వెళ్లిపోయిందమ్మా. మృతుడి నిర్లక్ష్యం అని రాసేశారు. ముందే చెప్పాల్సింది" అన్నాడు.

"ముందు చెప్పలేదు సార్. ఇప్పుడు చెబుతున్నాను. రాసుకోండి" అన్నాను.

"రాసినా ఏమీ మారదమ్మా."

"మారకపోయినా రాసుకోండి."

కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాశాడు. చదివి వినిపించాడు. సంతకం పెట్టాను. ఆ కాగితం ఏ ఫైల్లోకి వెళ్తుందో, అసలు వెళ్తుందో లేదో నాకు తెలీదు. చుట్టూ నిలబడ్డవాళ్లు అందరూ ఎవరి చేతులు వాళ్లు చూసుకున్నారు. నేను వాళ్లనేమీ అనను. మొన్నటిదాకా నేనూ ఆ వరసలోనే ఉన్నాను.

సాయంత్రానికి గది ఖాళీ చెయ్యమన్నారు. జతగాడి భార్య వచ్చి, పిలవకుండానే మూటలు కట్టింది. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, "మీ ఆయన దిగాడు కాబట్టే మా ఆయనకి ఊపిరుంది. అది బతుకో కాదో నేను అడగను" అంది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

బస్సు పొద్దుటికి గానీ లేదట. బుజ్జి నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది గానీ నిద్రపోలేదు. దానికి చెప్పేశాను వదినా. నాన్నకి ఎవరూ ఏ పుస్తకం ఇవ్వలేదు, మాస్కు అడిగితే అదీ ఇవ్వలేదు, లోపల మనిషి పడిపోతే నాన్న దిగాడు, అంతే అని. మనందరం అబద్ధం నమ్మామని కూడా చెప్పాను.

"నువ్వక్కడ ఉంటే దిగనిచ్చేదానివా?" అంది.

"లేదు" అన్నాను.

"అయినా దిగేవాడే" అంది.

ఈ ఉత్తరం ఇక్కడి డబ్బాలో వేస్తాను గానీ, దీనికంటే ముందు మేమే వస్తామేమో. మీ మేడ మీద గది ఎంత ఉంటుందో ఊహించుకోగలను. మంచం మీరే ఉంచుకోండి, మాకు కింద పరుపు చాలు. మీకింకా కోపం పోలేదంటే తలుపు తీసి తిట్టండి. తలుపు మాత్రం తియ్యండి.

మీ మరదలు